ఎడమ మోచెయ్యి

మా తమ్ముడు సెనన్‌ని మట్టి చేసిన వారానికే నేను డాన్స్ క్లాసు తెరిచాను. ఊళ్ళో కొందరు ముక్కున వేలేసుకున్నారు. నెల ప్రార్థన కూడా కాకముందే ఈవిడకి గంతులు కావాల్సొచ్చాయా అని పోస్టాఫీసు దగ్గర అనుకున్నారట. అనుకోనీ. ఇంట్లో కూర్చుంటే నేను చేసేదేముంది? ఆ వారమంతా పలకరించడానికి వచ్చినవాళ్ళకి టీలు పోశాను, కప్పులు కడిగాను, కడిగి ఆరబెట్టినవాటినే మళ్ళీ కడిగాను. ఏడుపు మాత్రం రాలేదు. వస్తుందేమోనని మంచం మీద కూర్చుని కాసేపు చూశాను కూడా. రాకపోతే పడుకుని నిద్రపోయాను.

నా పేరు అట్రాక్టా టాల్టీ. క్లేర్ కౌంటీలో సముద్రం పక్కన నాక్‌బారా మా ఊరు. చర్చి వెనక హాల్లో ఊరి పిల్లలకి ఐరిష్ డాన్స్ నేర్పడం నా పని. ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లల అమ్మల్లో సగం మంది ఒకప్పుడు నా చేత తిట్లు తిన్నవాళ్ళే. నా నోరు మంచిది కాదని తెలిసే పంపుతారు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే ఖాళీ దొరకలేదంటాను.

సెనన్ పగలు పాల ట్యాంకర్ నడిపేవాడు, సాయంత్రం నా క్లాసులో అకార్డియన్ వాయించేవాడు. మిగతా స్కూళ్ళవాళ్ళు ఏనాడో స్పీకర్లకి మారిపోయారు. నాకు తమ్ముడున్నాడు, స్పీకరెందుకు? స్టేజీ పక్కన ఎర్ర కుర్చీలో, ఒంటి మీది పాల కంపెనీ కోటు విప్పకుండానే కూర్చుని వాయించేవాడు. ఒక సోమవారం పొద్దున ఎవరో రైతు పెరట్లో పాల పైపు తగిలించి, ట్యాంకర్ మెట్టు మీద కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. తను వచ్చి చూసేసరికి పాలు ట్యాంకర్లోకి పోతూనే ఉన్నాయని ఆ రైతు నాకు చెప్పాడు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పాడు పాపం, పాలు పోతూనే ఉన్నాయని. మరి పైపు ఎవరు తీశారు అని అడిగాను నేను. ఎందుకడిగానో నాకే తెలియదు.

మా డాన్స్‌లో పనంతా కాళ్ళదే. నడుము పైన మనిషి లేనట్టే ఉండాలి. చేతులు పక్కలకి అతుక్కుని ఉండాలి, పిడికిళ్ళు మూసుకుని ఉండాలి, మొహంలో ఏమీ కనబడకూడదు. ఎందుకలాగని పిల్లలు అడుగుతారు. ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు గానీ నేను మాత్రం, నేను చెప్పాను గనక అంటాను. చేతులు నిలవని పిల్లలకి నా దగ్గరొక మందుంది. పబ్బులో బీరు గ్లాసుల కింద వేసే అట్టముక్కలు తెచ్చి, మోచేతికీ పక్కటెముకలకీ మధ్య రెండువైపులా ఇరికిస్తాను. అట్ట పడిందా, డాన్స్ మళ్ళీ మొదటికి. క్లాసు అయ్యాక నేను "వదలండి" అన్నదాకా అవి అక్కడే ఉండాలి.

ఈ మందుకి లొంగని పిల్ల ఒక్కతే, నెస్సా. సెనన్ కూతురు, నా మేనకోడలు, పదమూడేళ్ళది. కాళ్ళకి వంక పెట్టడానికి లేదు. అంతటి కాళ్ళు నా దగ్గర ఇంకెవరికీ లేవు. దానికి పట్టిన శనల్లా ఆ ఎడమ మోచెయ్యే. హార్న్‌పైప్ అని నిదానంగా, బూట్ల చప్పుడు గట్టిగా వినబడేలా ఆడే డాన్స్ ఒకటుంది. ఆ పాట మలుపు తిరిగే చోట సెనన్ గడ్డం పైకెత్తి "హప్" అనేవాడు. దానికి అర్థమంటూ ఏమీ లేదు. ఆవుని గేటు దాటించేటప్పుడూ వాడు అదే మాట అనేవాడు. వాడు "హప్" అనేవాడు, దీని ఎడమ మోచెయ్యి కోడిపిల్ల రెక్కలా లేచేది, అట్ట నేల మీద పడేది. ఎన్నిసార్లాడినా అక్కడే.

"ఆ నోరు మూసుకుని వాయించలేవట్రా?" అని అరిచేదాన్ని.

"నోరు మూస్తే వేళ్ళు ఆగిపోతాయక్కా," అనేవాడు. తండ్రీ కూతుళ్ళిద్దరూ నా వీపు వెనక నవ్వుకునేవాళ్ళు.

పోటీల్లో సెనన్ వాయించేవాడు కాదు. అక్కడ వేరేవాళ్ళు వాయిస్తారు, ఎవరూ "హప్" అనరు. అయినా ఆ చోటు రాగానే దీని మోచెయ్యి లేచేది. దాని చెవికి వాళ్ళ నాన్న వినబడేవాడు కాబోలు. జడ్జీలు ఎవరొచ్చినా అనేది ఒకటే, ఎడమ చెయ్యి అని. మూడో బహుమతి దాటి ఎన్నడూ రాలేదు. దానికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు, ఒళ్ళు మండేది నాకే.

సెనన్ అంత్యక్రియల రోజున నా స్కూలు పిల్లలంతా ఆకుపచ్చ జాకెట్లు వేసుకుని, చర్చి గుమ్మం నుంచి శవం బండి దాకా రెండు వరసల్లో నిలబడ్డారు. స్కూలు మనిషి ఎవరు పోయినా పిల్లలు అలా నిలబడటం మా దగ్గర మామూలే. ఎవరూ చెప్పకుండానే వాళ్ళ పాదాలన్నీ డాన్స్ మొదలెట్టబోయే ముందు ఉన్నట్టు పక్కలకి తిరిగి ఉన్నాయి. నెస్సా వాళ్ళమ్మ కార్మెల్ పక్కన నడవనంది, వరసలో నిలబడతానంది. పెట్టె దాని ముందు నుంచే వెళ్ళింది. వెనక నేను నడుస్తున్నాను. అంతటి సమయంలోనూ నా పాడు కళ్ళు పిల్లల మోచేతుల మీదికే పోయాయి, అలవాటెక్కడికి పోతుంది? నెస్సా చేతులు రెండూ పక్కలకి అతుక్కుని ఉన్నాయి. బాగుంది అనుకున్నాను.

క్లాసు తెరిచాక ఫోనుని ఒక స్పీకర్‌కి తగిలించి పాటలు పెట్టాను. ఎర్ర కుర్చీ ఉన్నచోటే ఉంది. మొదట్లో దాని జోలికి ఎవరూ పోలేదు. కొన్నాళ్ళకి ఎవరో దాని మీద కోటు పడేశారు, ఆ పైన ఇంకెవరో ఇంకో కోటు. నాకు కోపం రావాలి కదా అనుకున్నాను. రాలేదు. దారిలో పాల ట్యాంకర్ ఎదురైతే కొత్త డ్రైవరు చెయ్యి ఊపేవాడు. నేనూ ఊపి నా దారిన పోయేదాన్ని.

నెస్సాకి ఎప్పట్లాగే అట్టలు ఇరికించాను. స్పీకర్లో ఇంకో హార్న్‌పైప్ పాట మలుపు తిరిగింది. అట్ట పడలేదు. ఆ రోజు పడలేదు, ఆ తర్వాతా పడలేదు. నడుము పైన నిజంగానే మనిషి లేనట్టుంది. ఇన్నేళ్ళూ నేను అరిచి గీపెట్టింది దీనికోసమేగా, మెచ్చుకున్నాను. "థాంక్యూ మిస్," అంది.

ఈ మిస్ సంగతి చెప్పాలి. హాల్లో నన్ను అందరూ మిస్ అనే పిలవాలి, నెస్సా అయినా సరే. గుమ్మం దాటితే మాత్రం నేను దానికి అత్తనే. ఒక కాలు బయట పెట్టి "అత్తా" అనేది, లోపల పెట్టి "మిస్" అనేది, మళ్ళీ బయట పెట్టి "అత్తా, నువ్వు లావయ్యావు" అని పరుగెత్తేది. ఇప్పుడు వాళ్ళింట్లో కూడా నేను మిస్సే. ఉప్పు అందిస్తే థాంక్యూ మిస్. నేను దిద్దలేదు. ఎలా పిలిస్తే ఏముందిలే అనిపించింది.

దాని హార్న్‌పైప్ కూడా నేనే మార్చేశాను. పెద్ద పోటీల్లో చివర్న ఒక్కో పిల్లా స్టేజీ మీద ఒంటరిగా ఆడే డాన్స్ ఒకటుంటుంది. ఏ పాట కావాలో ఆ పిల్లే వెళ్ళి వాయించేవాడికి చెప్పుకోవాలి. నెస్సాది ఎప్పుడూ వాళ్ళ నాన్న వాయించే హార్న్‌పైపే. ఆ పాటని స్పీకర్లో పెట్టడానికి నాకు చెయ్యాడలేదు. దాన్ని అడక్కుండానే ఇంకో పాటకి కొత్త డాన్స్ నేర్పాను. తలూపి నేర్చేసుకుంది. ఎందుకు మార్చారని కూడా అడగలేదు.

క్లేర్ పోటీల్లో మొదటి బహుమతి వచ్చింది. ఒక జడ్జి టీ బల్ల దగ్గరికొచ్చి, చేతులు ఎలా పెట్టాలో మిగతా పిల్లలకి ఈ పిల్లని చూపించి నేర్పొచ్చన్నాడు. అవతలి స్కూలు తల్లి ఒకావిడ నా భుజం మీద చెయ్యేసి, పాపం వాళ్ళ నాన్న పైనుంచి చూసి ఎంత మురిసిపోతుంటాడో అంది. పైనుంచి చూస్తే వాడికి పోటీకని దాని నెత్తిన పెట్టిన విగ్గు కనబడుతుందమ్మా, మోచెయ్యి కనబడదు అన్నాను. ఆవిడ మళ్ళీ నా జోలికి రాలేదు. ఇక ముందున్నవి లిమరిక్‌లో మన్‌స్టర్ పోటీలు, ఆరు కౌంటీలకీ కలిపి జరిగేవి. మా హాలు నుంచి అంతదాకా వెళ్ళి గెలిచినవాళ్ళు లేరు. నెస్సా గెలుస్తుందని అందరూ అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

గురువారాలు క్లాసయ్యాక నేను కార్మెల్ ఇంట్లోనే తింటాను. సెనన్ ఉన్నప్పటి నుంచీ అంతే. ఆ గురువారం పంది మాంసం, క్యాబేజీ, తొక్కతో ఉడికించిన బంగాళాదుంపలు పెట్టింది. నెస్సా జాకెట్ విప్పకుండానే కూర్చుని ఒక్క కుడిచేత్తో తింటోంది. దుంప తొక్క ఒంటిచేత్తో తియ్యబోతే కంచంలో ఆ మూలకీ ఈ మూలకీ జారిపోతోంది. రెండో చెయ్యి ఏమైందే అని కార్మెల్ అడిగింది. ఏం కాలేదంది. కార్మెల్ లేచి జాకెట్ విప్పబోతే ఎడమ చెయ్యి పక్కకి రావడం లేదు. పిల్లకేదో జబ్బు చేసిందని కార్మెల్ మొహం పాలిపోయింది. మెల్లిగా చెయ్యి ఎత్తి చూస్తే, దాని కింద అట్టముక్క ఉంది.

క్లాసు నుంచి అలాగే వచ్చింది. బూట్లు విప్పుకుంది, నా కార్లో కూర్చుంది, దిగింది, చేతులు కడుక్కుంది, అట్ట జారనివ్వలేదు. చెమటకి తడిసి మెత్తబడిపోయింది.

"ఇదేంటే తల్లీ?" అంది కార్మెల్.

"మిస్ వదలమనలేదు," అంది నెస్సా.

నిజమే. ఆ రోజు నేను వదలండి అనడం మర్చిపోయాను. ఈమధ్య చాలా మర్చిపోతున్నాను. కానీ పిల్లలెవరూ నేను అనేదాకా ఆగరు, పాట అయిపోగానే అట్టలు వాటి డబ్బాలోకి విసిరేసి పోతారు. ఇదైతే అందరికంటే ముందు విసిరేది, అదీ నా నెత్తికి తగిలేలా. "వదిలెయ్ నెస్సా," అన్నాను. వదిలింది. అట్ట క్యాబేజీ పక్కన పడింది. అప్పుడు రెండు చేతులతో దుంప తొక్క తీసుకుని తినేసింది.

తిన్నాక కార్మెల్ నన్ను పెరట్లోకి పిలిచింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా పడదామనుకున్నాను. తిట్టలేదు. బట్టలు ఆరేసే తీగ పట్టుకుని నిలబడింది.

"వదినా, అది ఇంతవరకూ ఏడవలేదు," అంది. "వాళ్ళ నాన్న పేరెత్తదు. తిను అంటే తింటుంది, పడుకో అంటే పడుకుంటుంది. నా మాట విననే వినని పిల్ల, ఇప్పుడు ఏం చెబితే అది చేస్తోంది. నాకు భయంగా ఉంది."

నేను తీగ మీది క్లిప్పు ఒకటి తీసి మళ్ళీ అక్కడే పెట్టాను.

"కప్పులూ బహుమతులూ నాకొద్దు. నా పిల్ల నాక్కావాలి. దాని కాళ్ళూ చేతులూ నీ మాటే కదా వింటాయి, ఏదో ఒకటి చెయ్యి వదినా."

"ఏడవడం నేర్పమంటావా?" అన్నాను. "అది నాకే వచ్చి చావడం లేదు."

కార్మెల్ నా వైపు చూసింది. ఆవిడ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. మా ముగ్గురిలో ఏడ్చే మనిషి ఆవిడొక్కతే.

ఆ మర్నాడే అట్టలన్నీ పొయ్యిలో పడేశాను. దానివల్ల ఒరిగిందేమీ లేదు, అట్ట లేకపోయినా ఉన్నట్టే నెస్సా చేతులు అతుక్కునే ఉన్నాయి. పాతకాలం ముసలాళ్ళు పెళ్ళిళ్ళలో ఆడే పద్ధతి ఒకటుంది, అందులో చేతులు ఎటు కావాలంటే అటు విసరొచ్చు. నా స్కూల్లో దానికి చోటు లేదని ఇన్నేళ్ళు గొప్పలు చెప్పుకున్నదాన్ని, అదే నేర్పాను. చేతులు ఊపవే, నీ ఇష్టం వచ్చినట్టు ఊపు అన్నాను. ఎలా అని అడిగింది. నేను ఊపి చూపించాను. అచ్చం నేను ఊపినట్టే, నేను ఆపినచోటే ఆపుతూ ఊపింది. అది చూశాక నాక్కూడా భయమేసింది. ఆ పిల్ల ఇలాగే ఉండిపోతుందేమోనని, నేను కూడా ఉండిపోతానేమోనని.

లిమరిక్ మానేద్దామా అని కార్మెల్ దాన్ని అడిగింది. వెళ్తానంది. ఎందుకని అడిగితే, పేరిచ్చాం కదా అంది.

మన్‌స్టర్ పోటీలు ఒక హోటల్ హాల్లో జరిగాయి. ఆడపిల్లలందరి నెత్తినా ఉంగరాల విగ్గులు, కాళ్ళకి గోధుమరంగు పూతలు, ఒంటి మీద కళ్ళు చెదిరే గౌన్లు. పిల్లలు ఆడటానికొచ్చారో దీపాల్లా వెలగడానికొచ్చారో నాకెప్పుడూ అర్థం కాదు. నేర్పేవాళ్ళ సంఘంలో నేనూ మెంబర్నే గనక పొద్దున్నే వెళ్ళి కుర్చీలు వేయించాను, తలుపులకి నోటీసులు అంటించాను. పిల్ల స్టేజీ మీద ఆడుతుండగా నేర్పినవాళ్ళు గానీ ఇంటివాళ్ళు గానీ నోరు విప్పితే ఆ పిల్ల పోటీలోంచి అవుట్ అని ఆ నోటీసు. అదెప్పటినుంచో ఉన్న నియమమే. ఊడిపోకుండా నాలుగు మూలలా టేపు వేసి మరీ అంటించాను.

వాయించేది గస్ మారినన్. చిన్నప్పుడు సెనన్, వాడూ ఒకే మాస్టారి దగ్గర అకార్డియన్ నేర్చుకున్నారు. అంత్యక్రియలకి వచ్చి మూలన నిలబడి, ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ముందు ఆడాల్సిన డాన్సులు రెండూ అయ్యాయి. నెస్సా వాటిలో ఒక్క తప్పు చేయలేదు. నా పక్క కుర్చీలోని టీచరు మోచేత్తో పొడిచి, ఇంకేం కొట్టేశావు అట్రాక్టా అంది. గోడ వారన కార్మెల్ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చివరి డాన్స్‌కి నెస్సా నంబరు పిలిచారు. అది గస్ దగ్గరికి వెళ్ళి పాట పేరు చెప్పింది. గస్ చెవి దగ్గర చెయ్యి పెట్టి వంగాడు. మళ్ళీ చెప్పింది. అప్పుడు గస్ అకార్డియన్ మీంచి తలెత్తి, ఇంతమందిలో నన్ను వెతుక్కుని చూశాడు. ఆ చూపుతోనే నాకు తెలిసింది, నేను నేర్పిన పాట అడగలేదు, వాళ్ళ నాన్న హార్న్‌పైప్ అడిగింది.

లేచి ఆపి ఉండొచ్చు. పాట మొదలయ్యేదాకా పిల్ల మనసు మార్చుకోవచ్చు, అది నియమంలోనే ఉంది. నేను లేవలేదు.

గస్ మొదలెట్టాడు. సెనన్ పోయాక ఆ పాట నేను వినడం అదే మొదటిసారి. నెస్సా దాన్ని నెలల తరబడి ఆడలేదు, అయినా కాళ్ళు మర్చిపోలేదు. చేతులు రెండూ పక్కలకి బిగుసుకుని ఉన్నాయి. పాట మలుపు దగ్గరికొచ్చింది. మలుపు తిరిగింది. నెస్సా ఎడమ మోచెయ్యి లేచింది.

లేచి ఆగిపోయింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. ఆ చోట ఎప్పుడూ దాని చెవికి వినబడేది ఈసారి వినబడలేదని నాకు అర్థమైంది. అది తల తిప్పి స్టేజీ పక్కకి చూసింది. మా హాల్లో అయితే ఎర్ర కుర్చీ ఉండేది అక్కడే. ఇక్కడ నిప్పులార్పే ఎర్ర సిలిండరొకటి గోడకి వేలాడుతోంది. పిల్ల దాన్నే చూస్తూ నిలబడింది. గస్ వేళ్ళు ఆపలేదు, ఆపకూడదు. పాట దాన్ని దాటి ముందుకి పోతోంది. జడ్జీలు పెన్నులు ఎత్తి పట్టుకున్నారు.

"హప్."

ఎవరన్నారా అని పక్క టీచరు నా వైపు తిరిగాకగానీ అది నా నోట్లోంచే వచ్చిందని నాకు తెలియలేదు. మెల్లిగా అన్నది కాదు, ఆవు గేటు దాటేలా అన్నాను. నెస్సా కాలు నేల మీద పడింది. ఎక్కడ తప్పిపోయిందో అక్కడ పాటని అందుకుంది, ఇక ఆగలేదు. ఎడమ మోచెయ్యి లేస్తోంది, పడుతోంది. పాట రెండోసారి మలుపు తిరిగింది. ఈసారి తెలిసే అన్నాను.

ఆట అయ్యాక సంఘం పెద్ద ఫింటన్ నా దగ్గరికొచ్చి వంగాడు. మనిషి మంచివాడు, చెమటలు పట్టేశాయి.

"అట్రాక్టా, అన్నది నువ్వు కాదని చెప్పు," అన్నాడు.

"నేనే అన్నాను. రెండుసార్లు."

"నియమం నీకు తెలుసు కదా?"

"తెలియకపోవడమేంటి ఫింటన్, తలుపుకి అంటించింది నేనేగా?"

అంతే, నెస్సా పేరు కొట్టేశారు. నేను బ్యాగు తీసుకుని బయటికి నడిచాను. నడవాలో కార్మెల్, నెస్సా కార్పెట్ మీద కూర్చుని ఉన్నారు. నెస్సా విగ్గు తీసి పక్కన పెట్టి, బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. మొహం పొడిగా ఉంది. నీ పేరు కొట్టేశారే, నా మూలాన్నే అన్నాను. బూటు లాగి పక్కన పడేసింది.

"లేటుగా అన్నావత్తా," అంది.

"ఏంటి?" అన్నాను.

"నాన్న ఇంకా ముందే అనేవాడు. నువ్వు మలుపు తిరిగిపోయాక అన్నావు."

"ఏమేవ్, తాళం నువ్వు నాకు నేర్పుతున్నావా?"

"నేర్పుతున్నా. మళ్ళీ ఆడతాను, సరిగ్గా అను," అని లేచింది.

మేజోళ్ళతోనే, ఆ పాట తనే కూనిరాగం తీసుకుంటూ నడవాలో ఆడటం మొదలెట్టింది. మలుపు వచ్చింది, అన్నాను. లేటంది. మళ్ళీ మొదటి నుంచి ఆడింది, మళ్ళీ అన్నాను. ఇప్పుడు మరీ తొందరంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పాట పుట్టుపూర్వోత్తరాలు తెలిసినదాన్ని, ఎంత తంటాలు పడ్డా ఆ చోటు నాకు చిక్కడం లేదు. దాని మొహం ఎర్రబడుతోంది. అలా కాదత్తా, అలా కాదు అంటోంది, మళ్ళీ మొదలెడుతోంది. తిక్కపిల్ల, మాట వినని పిల్ల. ఎన్నాళ్ళకి చూశానో దాన్ని.

ఆ తర్వాత ఆడినప్పుడు మలుపు ఇంకా రాకముందే, గోడ దగ్గర ఫ్లాస్కు మూత తిప్పుతూ కార్మెల్ అంది.

"హప్."

గట్టిగా అనలేదు, తలెత్తి చూడనూ లేదు. ఆవిడ జన్మలో డాన్స్ ఆడలేదు, నా క్లాసు గుమ్మం తొక్కలేదు. వాడు వంటింట్లో కూర్చుని సాధన చేస్తుంటే ఇన్నేళ్ళూ అటు తిరిగి గిన్నెలు కడుక్కున్న మనిషి. ఆ మాట వాడు అనేచోటే పడింది, వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

నెస్సా మోచెయ్యి లేచింది. లేచిన చెయ్యి దించకుండానే వాళ్ళమ్మ వైపు తిరిగింది.

"అదే," అంది. "అమ్మా, అదే."

కార్పెట్ మీద కూలబడి, నోరంతా తెరిచి, గుక్క పట్టి ఏడ్చింది. కార్మెల్ ఫ్లాస్కు వదిలేసి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. ఒలికిన టీ కార్పెట్‌లోకి ఇంకిపోతోంది. లోపల ఇంకెవరో పిల్లకి గస్ పాట మొదలెట్టాడు. ఆ విగ్గు చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాను, తర్వాత నేనూ వాళ్ళ పక్కనే కింద కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది.